దారంతో గీసిన వాన

నా చిన్నప్పుడు వానను ఆకాశంలో కంటే కాగితం మీదే శ్రద్ధగా చూశాను. మదనపల్లెలో మగ్గాల వీధి మాది. కేబుల్ టీవీ ఆ వీధిలోకి కొత్తగా వచ్చిన రోజులు. అమ్మానాన్నలు పట్టుచీరలు నేసేవాళ్ళు, నేను కండెలకు దారం చుట్టేదాన్ని. బడికి వాళ్ళు పంపలేదు, నేనూ అడగలేదు. దానికి ఇప్పుడు ఏడ్చేదేమీ లేదు.

పక్కింటి అక్క పది చదివింది. గ్రాఫు కాగితం మీద చీర అంచులకు డిజైన్లు గీసేది. మగ్గానికి బొమ్మ అర్థం కావాలంటే గళ్ళలో నింపి చూపించాలి. నెమలి మెడ వంపైనా, తీగ మెలికైనా ఒక గడి పక్కకు, ఒక గడి పైకి, మెట్లు మెట్లుగానే పోతుంది. చీర మీదికొచ్చాక ఆ మెట్లు కంటికి ఆనవు. నా కండెల పని అయిపోగానే అక్క పక్కన కూర్చుని గళ్ళు నింపేదాన్ని. అక్షరం రాదు గానీ గడి ఎప్పుడూ తప్పలేదు.

అక్క డిజైన్లు చూసి, మా చీరలు కొనే షావుకారు “బాగుండాదమ్మా” అనేవాడు, మళ్ళీ బెంగళూరు పోయి అక్కడివే తెచ్చుకునేవాడు. ఒకరోజు ఆయనే ఒక క్యాలెండరు చంకలో పెట్టుకుని వచ్చాడు. జపాను నుంచి పట్టుపురుగుల పెంపకం తెలిసినవాళ్ళు కుప్పం వైపు రైతులను చూడడానికి వస్తున్నారట, దారిలో మన మగ్గాలూ చూస్తారట. క్యాలెండరులో ఉన్నవి వాళ్ళ దేశపు పాతకాలం బొమ్మలు. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దినవట. వాటిలో ఆరింటిని చేత్తో పెద్దవిగా వేసిస్తే తన ముందుగదిలో తగిలిస్తానన్నాడు.

“వాళ్ళు మెచ్చుకుంటే డిజైన్లకు ఇంక బెంగళూరు యాల పోతానమ్మా? నీ దగ్గరికే వస్తా” అన్నాడు.

అక్క వాళ్ళ నాయన ఆ పక్కనే ఉన్నాడు. ఇది కుదరకపోతే కుంచెలు మూటగట్టి మగ్గం ఎక్కాల్సిందే అని అప్పుడే చెప్పేశాడు. అక్క ఆ సాయంత్రమే క్యాలెండరు బొమ్మల మీద పెన్సిలుతో గళ్ళు కొట్టింది, పెద్ద షీట్ల మీద అన్నే గళ్ళు పెద్దవిగా కొట్టింది.

మంచు కొండ, పడవ మీదికి లేచిన అల, కొంగలు, చేపలు ఇలా ఐదు అయిపోయాయి. మూలల్లో నిలువునా ఉన్న ఆ దేశపు అక్షరాలు ఏమిటని అడిగాను. “నాకూ రావు లేమ్మే. ఈ లెక్కన నువ్వూ నేనూ ఒకటే” అంది. చదువుకున్న మనిషి నాతో అలా అనడం నాకు భలేగా ఉండింది.

ఆరోది వాన బొమ్మ. చెక్క వంతెన, దాని మీద గొడుగుల కింద వంగి పరుగెత్తే మనుషులు, బొమ్మంతా పైనుంచి కిందికి ఏటవాలుగా సన్నని నల్లగీతలు. వాన గీతలొక్కటే మిగిలాయి. జపాను వాళ్ళు వచ్చేది మర్నాడే. అక్క బిందె తీసుకుని కొళాయికి పోయింది. సాయం చేద్దామని నేను కుంచె అందుకున్నాను. ఒక గడి పక్కకు, ఒక గడి కిందికి, ఎంతో శ్రద్ధగా మూడు గీతలు దించాను. లేచి నిలబడి చూశాను. గొడుగుల మీద వాన పడడం లేదు. నిచ్చెనలు నిలబడి ఉన్నాయి.

నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలోకి దిగి దాక్కున్నాను. అక్క వచ్చింది, బిందె దించింది, బొమ్మ దగ్గరికి పోయింది.

“ఏమ్మే, వాన యాల మెట్లు దిగతాండాది?”

గుంతలో నుంచే చెప్పాను. “ఏటవాలు గీత అట్లే గదక్కా గీసేది. నువ్వు గీసేది సూసినా.”

వీపు మీద దెబ్బ కోసం ఎదురుచూశాను. మా ఇంట్లో అయితే ఈపాటికి పడేది. అక్క గుంత అంచున కూర్చుంది. “తప్పు నాదే. నీకు మగ్గం గీత తప్ప ఇంకోటి సూపించలేదు నేను. పైకి రా, పని ఉండాది” అంది.

పెద్దవాళ్ళ నోట పిల్లల ముందు “తప్పు నాదే” అన్న మాట వినడం నాకదే మొదలు.

తడి దూదితో ఆ మెట్లను అద్ది తీసింది. బూడిదరంగు మచ్చ మిగిలింది. దాన్ని పైకి లాగి మబ్బు చేసింది. అది ఆరాక సన్నని పట్టుదారం నల్లరంగులో తడిపి, వేళ్ళతో నీవి, ఒక కొస నా చేతికిచ్చింది. షీటుకు ఆ పక్క నేను, ఈ పక్క తను. వడ్రంగి దూలం మీద రంగుదారం కొట్టినట్టు, బిగువుగా పట్టి మధ్యలో మీటి వదిలింది. టప్‌మని ఒక్క వాన గీత పడింది. వెంట్రుకంత సన్నం.

“కొస వదల్లేదంటే వాన నీదే” అంది. పొద్దు గుంకేదాకా వాన కురిపిస్తూనే ఉన్నాం. నా చూపుడువేలికి కోత పడినా కొస వదల్లేదు.

మర్నాడు వచ్చినవాళ్ళలో ఒక ముసలాయన ఆ బొమ్మ దగ్గరే నిలబడిపోయాడు. గీతలు ఇంత సన్నంగా ఎలా వచ్చాయని వెంట వచ్చినాయన చేత అడిగించాడు. షావుకారు తనే గీసినంత పొంగిపోతున్నాడు. అక్క నన్ను ముందుకు తోసి, “దారంతో కొట్టినామప్పా. ఒక కొస నాది, ఒక కొస ఈ పాపది” అంది. ఆయన నా నల్లటి వేలు చూసి నడుం వంచి దండం పెట్టాడు. నాకు నవ్వాగలేదు. ఆ నెల నుంచి షావుకారు డిజైన్లు అక్క దగ్గరే గీయించుకున్నాడు.

నేను అక్షరాలు దిద్దింది ముప్పై దాటాక. నాకు నేర్పిన టీచరమ్మ నా చెయ్యి తిరగడం లేదని విసుక్కునేది. ఆమె మీద నాకు కోపమేమీ లేదు గానీ, గుంత అంచున కూర్చున్న అక్కే గుర్తొచ్చేది.

నేనేమీ మెత్తని మనిషిని కాను. మనవరాలు ఏదైనా పాడుచేస్తే నాలుక చివరకు తిట్టే ముందొస్తుంది. దాన్ని మింగి, “యాల ఇట్ల చేసినావే?” అని అడుగుతాను, చెప్పేదాకా ఆగుతాను. సగం సార్లు అది చెప్పే కారణం తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చి నిలబడుతుంది. “తప్పు నాదేలే” అనడానికి ఇప్పటికీ నోరు సులభంగా తిరగదు. చూపుడువేలి మీద దారం కోసిన ఆ సన్నని గీత ఇంకా ఉంది, ఒకసారి తడుముకుని, అంటాను.