నాలుగు వేల గుమ్మడికాయ

మా చర్చిలో కోతల పండుగ రోజు ఆరాధన కాగానే వేలం ఉంటుంది. పొలం ఉన్నవాళ్లు పండినది, లేనివాళ్లు మార్కెట్లో కొన్నది తెచ్చి ముందు పెడతారు. వడ్ల మూట, టెంకాయలు, చెరకు గడలు, కాళ్లు కట్టిన నాటుకోడి, అన్నీ ఉంటాయి. ప్రార్థన చేశాక ఒక్కొక్కటే ఎత్తి చూపించి వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి పోతుంది. ఎవరు ఏది ఎంతకు కొన్నారన్నది బళ్లారి కంటోన్మెంటులో మా వాళ్లందరికీ ఏడాది పొడుగునా గుర్తుంటుంది. డజను గుడ్లు నాలుగు వందలకు కొన్నవాడి వ్యాపారం బాగున్నట్టు, చేతులు కట్టుకుని కూర్చున్నవాడికి ఏదో అయినట్టు లెక్క.

ఆ ఏడు నాకు నిజంగానే ఏదో అయింది. అందుకే నాలుగు వేలు పెట్టి గుమ్మడికాయ కొన్నాను.

ముందు మా అంగడి సంగతి చెప్పాలి. మా అమ్మ కప్పగల్లులో ఇంటి వసారాలో ఒక్క మిషన్ పెట్టుకుని చిరిగినవి కుట్టేది, పొట్టి అయిన లంగాలకు మడత విప్పి పొడుగు చేసేది. ఆ మిషన్ తొక్కే రెండు గదుల ఇల్లు కట్టింది. నేనిప్పటికీ ఉండేది అందులోనే. నేను అమ్మకంటే పైకి రావాలనుకున్నాను. కంటోన్మెంటులో పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపున్న అంగడి బాడుగకు తీసుకున్నాను. ఆరు మిషన్లు కొన్నాను, ముగ్గురు ఆడవాళ్లను పనికి పెట్టుకున్నాను, బళ్ల యూనిఫారాల ఆర్డర్లు పట్టాను. తలుపు పక్కన తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో ఒక బోర్డు రాయించాను. ‘ఇక్కడ ఆల్టరేషన్లు చేయబడవు.’ అమ్మ చేసిన పని నేను చేయనని మూడు భాషల్లో చెప్పుకున్నానన్నమాట. అప్పుడది గొప్పగానే అనిపించింది.

కొన్నేళ్లు బాగానే నడిచింది. మా ఆయన పోయినప్పుడు కూడా ఆ అంగడే నన్ను నిలబెట్టింది. ఆ తర్వాత రోజులు మారాయి. రెండు బళ్లు మమ్మల్ని వదిలేసి రెడీమేడ్ యూనిఫారాలు తెప్పించుకున్నాయి. కాలువకు రెండో పంట నీళ్లు వదలకపోయేసరికి సిరుగుప్ప నుంచి బస్సెక్కి వచ్చి ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టించుకునేవాళ్లు రావడం మానేశారు. పిల్లలకు మూడు జతలు కుట్టించేవాళ్లు ఒక జతతో సరిపెట్టారు. బాడుగ మాత్రం ప్రతి ఒకటో తేదీకి ఠంచనుగా వచ్చి నిలబడేది. బజారులో నాకు బట్ట తాన్లు అరువిచ్చే సావుకారుకు నాలుగు నెలలుగా బాకీ పడ్డాను.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. కోపం నాకు ముక్కు మీద ఉంటుంది, పరువు నెత్తి మీద ఉంటుంది. ఎవరైనా ‘వ్యాపారం ఎట్లుందక్కా’ అంటే ‘తీరిక లేదు’ అనేదాన్ని. నిజానికి తీరిక తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

కోతల పండుగ నాడు చర్చి గేటు దగ్గర ఒకామె నా భుజం మీద చెయ్యేసి, జాలిగా అడిగింది. “అంగడి మూస్తాండావంట కదక్కా?”

“యాడ విన్నావు?” అన్నాను.

“అందరూ అంటాండారు.”

ఆరాధన అంతా నాకు ఆ మాటే వినపడింది. వేలంలో గుమ్మడికాయ ఎత్తి చూపించారు. మామూలు తీపి గుమ్మడికాయ, అరవై రూపాయలు చేస్తుంది. ఎవరో నూరన్నారు. నేను ఐదు వందలన్నాను. వెనక నుంచి ఎవరో ఎనిమిది వందలన్నారు. నేను వెయ్యి అన్నాను. గేటు దగ్గర అడిగినామె నావైపు తిరిగి చూసింది. ఆ చూపు చూశాక ఇక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. నాలుగు వేలకు కాయ నాదయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నెల రోజుల్లో కట్టాలి. ఆ కాయను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కప్పగల్లు వెళ్తూ, సంచిలో ఉన్న డబ్బు తడిమి చూసుకున్నాను. ఆటోకు సరిపోయింది.

ఆ వారమే నేను మరో పని చేయబోయాను. ఇంటి మీద అప్పిస్తానని ఒకాయన చెప్పాడు. ఆ డబ్బుతో సావుకారు బాకీ తీర్చి, కొత్త తాన్లు తెచ్చి, అంగడికి రంగులు వేయించి, బళ్లు తెరిచేదాకా నెట్టుకురావాలని నా ఆలోచన. అమ్మ కట్టిన ఇంటి పత్రాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, ముందు సావుకారుతో మాట్లాడి వెళ్దామని బజారుకు పోయాను.

సావుకారుకు డెబ్బై దాటాయి. వాళ్లది తాతల నాటి నుంచి బళ్లారి బజారులో బట్టల వ్యాపారం. అమ్మ దారపు ఉండలు కొన్నది కూడా ఆ అంగట్లోనే. నన్ను చూసి, పక్కనున్న స్టూలు జరిపి, టీ చెప్పాడు. బాకీ ఊసెత్తుతాడని నేను మాటలు సిద్ధం చేసుకుంటున్నాను.

“ఏం జేస్తివమ్మా ఆ గుమ్మడికాయని?” అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. ఆయన అంగట్లో పని చేసేవాళ్లలో ఒకాయన మా చర్చే. ఎందుకు చెప్పడు?

“ఇంట్లో ఉండాది” అన్నాను.

“నాలుగు వేలంటే బంగారట్ల చూసుకోవల్ల.” నవ్వలేదు ఆయన. “కవర్లో ఏంది?”

చెప్పాను. అంతా విన్నాడు. టీ వచ్చింది, తాగాడు. తర్వాత ఆ కవరు తీసుకుని, విప్పకుండానే నా సంచిలో పెట్టాడు.

“అంగడి మునిగితే అంగడే మునగల్ల తల్లీ. ఇంటిని దానికి కట్టకూడదు. బట్టలు కుట్టించుకునేవాళ్లు లేనప్పుడు నువ్వు దుడ్లు తెచ్చి రంగులేస్తే వాళ్లు వస్తారా?”

“మరేం చేయమంటావు సావుకారప్పా?”

“మీ అమ్మ ఈడికి వచ్చేది. దుడ్లు లేకుంటే లేవని చెప్పేది. వచ్చే నెల ఇస్తానని చెప్పి ఇచ్చేది. ఆయమ్మకు నేను ఎప్పుడూ లేదనలేదు. నువ్వు లేవని చెప్పవు. నాలుగు నెలలాయ, ఈ బజారుకు రాకుండా సుట్టుకొని పోతాండావు. లేవని చెప్పినోళ్లతో నాకు భయం లేదు. చెప్పకుండా పోయేవాళ్లతోనే భయం.”

నేను తల వంచుకున్నాను.

“ఒకటి అడుగుతా. నీ అంగడి దాకా వచ్చి ఉత్త చేతుల్తో తిరిగి పోయేవాళ్లు ఎంతమంది?”

“నాకేం తెలుసు? ఆల్టరేషన్ అడుగుతారు, పొమ్మంటాం. మేం చేయం కదా.”

“ఒక వారం తలుపు కాడ కూర్చో. ఊరికే లెక్కబెట్టు. ఆమేలె వచ్చి నాతో మాట్లాడు” అన్నాడు.

మండిపోతూ లేచి వచ్చాను. డబ్బడిగితే పాఠం చెప్పాడని దారంతా గొణుక్కున్నాను. కానీ అప్పిచ్చే ఆయన దగ్గరికి మాత్రం పోలేదు. మరుసటి రోజు కుర్చీ తెచ్చి తలుపు దగ్గర వేసుకున్నాను.

మా అంగట్లో మొదటి నుంచీ కుట్టుపని చేస్తున్న పెద్దక్క అది చూసి, మిషన్ ఆపి నా దగ్గరికి వచ్చింది. “లెక్క నేను చెప్తా రా” అంది. “నిన్న ఒక్క దినమే పదకొండు మందిని పంపిస్తిని. ప్యాంటు నడుము పట్టదని కొందరు, లంగా పొట్టిగయ్యిందని కొందరు, జిప్పు పోయిందని ఒకాయన. కొత్తవి కుట్టించేదానికి దుడ్లు లేవు జనం కాడ. పాతవి సరిజేయించుకొని ఇంకో ఏడు నెట్టుకోవాలని వస్తాండారు.”

“నాకెప్పుడూ చెప్పలేదే?”

“ఆ బోర్డు నువ్వు మూడు భాషల్లో రాయిస్తివి. ఏ భాషలో చెప్పేది నీకు?”

ఆరోజు సాయంత్రం స్క్రూడ్రైవర్ తీసుకుని బోర్డు నేనే విప్పాను. ఒక స్క్రూ రాకపోతే లాగబోయి చెయ్యి కోసుకున్నాను కూడా. పెద్దక్క పసుపు పెట్టింది గానీ, నవ్వు ఆపుకోలేదు.

వారం తర్వాత బజారుకు పోయి లెక్క చెప్పాను. ఈసారి సావుకారు గబగబా మాట్లాడాడు, ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నట్టు. అద్దాల తలుపు వదిలేసి, అదే వీధి వెనక సందులో సగం బాడుగకు దొరికే గది చూసుకోమన్నాడు. చిరిగిన ప్యాంటు పట్టుకొచ్చేవాడికి అద్దాలతో పని లేదన్నాడు. తిరగని రెండు మిషన్లు తుప్పు పట్టకముందే అమ్మమన్నాడు. కొత్త బట్ట కుట్టేటప్పుడు సగం డబ్బు చేతిలో పడితే గానీ కత్తెర పట్టొద్దన్నాడు. పనిచేసే ఆడవాళ్లను మాత్రం తీసేయొద్దన్నాడు, మంచి చెయ్యి పోతే మళ్లీ దొరకదని. తన బాకీ గురించి చివర్లో చెప్పాడు. “నెలకు ఎంతైనా ఇయ్యి. స్వల్పమైనా పర్వాలేదు. తారీకు మాత్రం తప్పొద్దు.”

“సరే” అన్నాను.

“ఇంకోటుండాది. ఆ గుమ్మడికాయ. అబద్ధం యాడ చెప్పితివో ఆడికే పోయి నిజం చెప్పు.”

అన్నిటికంటే కష్టమైనది అదే. ఆ ఆదివారం ఆరాధన తర్వాత చర్చి కమిటీ వాళ్ల ముందు నిలబడ్డాను. వ్యాపారం బాగా లేదని, పంతానికి పోయి వేలం పాడానని, నాలుగు వేలు ఒకేసారి కట్టలేనని, నెలకు నాలుగు వందల చొప్పున కడతానని చెప్పాను. వాళ్లు సరేనని తలూపారు. కానీ మా చర్చిలో ఇద్దరికి తెలిసిన మాట బయటి గేటు దాకా ముందే పోయి నిలబడుతుంది. ఇంటికి పోయి కరువుతీరా ఏడ్చాను.

సోమవారం అంగడి తెరిచేసరికి ముగ్గురు ఆడవాళ్లు సంచులతో నిలబడి ఉన్నారు. ముగ్గురూ మా చర్చే. గేటు దగ్గర నా భుజం మీద చెయ్యేసినామె కూడా వాళ్లలో ఉంది. ఆమె సంచిలో పిల్లల యూనిఫారాలు ఏడున్నాయి.

“ఇవి చేస్తావా అక్కా?” అంది. “ఇన్నాళ్లూ ఇంత చిన్న పని నీ కాడికి తెచ్చేదానికి సిగ్గాయ. నువ్వు పెద్దగుండావు కదా అనుకొంటిమి.”

నేను బాగున్నట్టు నటించినన్నాళ్లూ, నాకు పని ఇవ్వగలవాళ్లందరినీ నేనే తరిమేశానన్నమాట. ఆమె చేతిలోంచి సంచి తీసుకుంటుంటే కళ్లు మసకేశాయి. అంతకుముందు ఆమెను తిట్టుకున్న తిట్లన్నీ ఆ నిమిషంలోనే వాపసు తీసుకున్నాను.

మేం వెనక సందులోకి మారాం. బళ్లు తెరిచేలోపు మడతలు విప్పీ నడుములు వదులు చేసీ వేళ్లు కాయలు కాచాయి. పెద్ద లాభమేం రాలేదు. కానీ ముగ్గురికీ జీతం ఆగలేదు, సావుకారు తారీకు తప్పలేదు, ఇల్లు నా ఇల్లుగానే ఉంది. అమ్మ పని ఎంత గట్టి పనో నాకు యాభై ఏళ్లకు తెలిసింది. ఆ గుమ్మడికాయను అంగట్లో అందరం కోసుకుని పులుసు పెట్టుకున్నాం. సగం కాయ సావుకారు ఇంటికి పంపాను. అంత ఖరీదైన కూర వాళ్లింట్లో ఎప్పుడూ వండలేదని ఆయన కబురు పెట్టాడు. ఆయనకు నేను రుణపడింది బట్ట తాన్లకు మాత్రమే కాదు, ఆ సంగతి ఆయన ముఖం మీదే చెప్పాను. ‘సాకు పోమ్మా’ అన్నాడు, ఇక చాల్లే అన్నట్టు.

ఏడాది తిరిగి కోతల పండుగ వచ్చింది. ఈసారి నేను మార్కెట్లో అరవై రూపాయలకు ఒక గుమ్మడికాయ కొని ముందు పెట్టాను. వేలంలో దాన్ని ఎత్తగానే అందరూ నావైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. నూరుతో మొదలైంది. మా చర్చిలోనే చెప్పుల అంగడి ఉన్న ఒకాయన, నాకు తమ్ముడి వరస, ఆరు వందలన్నాడు. ఇంకొకరు ఏడు వందలంటే ఆయన వెయ్యి అన్నాడు. గొంతు మరీ పెద్దదిగా ఉంది. పక్కన కూర్చున్న భార్య అతని చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగుతోంది. అతను వదిలించుకుని, పదిహేను వందలన్నాడు. చుట్టూ ఎవరు చూస్తున్నారో చూసుకున్నాడు. ఆ చూపు నాకు తెలుసు.

లేచి నిలబడ్డాను. “ఆ కాయ నేను తెచ్చింది. అరవైకి కొన్నాను. నూరు కంటే పైసా ఎక్కువ చేయదు. నూరన్న వాళ్లకే ఇచ్చేయండి” అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. కమిటీ పెద్దలకు నచ్చలేదు, ఏదో అనబోయారు గానీ పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక చేయెత్తి కానిమ్మన్నారు. చెప్పుల అంగడి తమ్ముడు ఎర్రబడి కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నేను దగ్గరికి పోయి, “మా అంగడి ఇప్పుడు వెనక సందులో ఉండాదప్పా, తీరిక చూసుకొని రా” అని మాత్రం అన్నాను.

బుధవారం వచ్చాడు. వాకిట్లో కాసేపు నిలబడ్డాడు, చంకలో ప్లాస్టిక్ కవరుంది. పెద్దక్క నావైపు చూసింది. నేను చేతిలో ప్యాంటు పక్కన పెట్టి, టీ చెప్పి, నా పక్కనున్న స్టూలు అతని వైపు జరిపాను.