పార్ అన్నా, బార్ అన్నా

ఒరియోర్ద్ అజ్నివ్‌కు డెబ్భై నాలుగేళ్లు. ఒరియోర్ద్ అంటే కుమారి. ముగ్గురు మనవలను ఎత్తుకున్న మనిషి కుమారి ఎలా అయిందని అమెరికాలోని వాటర్‌టౌన్‌లో ఎవరూ అడగరు. బళ్లో పాఠం చెప్పే ఆడమనిషి ఎవరైనా ఒరియోర్దే. చర్చి కింది అంతస్తులో, కాఫీ వాసన వదలని ఒక గదిలో, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రతి శనివారం ఆమె పడమటి ఆర్మేనియన్ నేర్పుతోంది. బీరుట్‌లో ఆమె పెరిగిన పేటలో ఆ మాటే. ఆర్మేనియాలో యెరవాన్ వైపు నుంచి వచ్చినవాళ్లది తూర్పు మాట. రెండింటికీ అక్షరాలు ఒకటే. నోట్లోకి వచ్చేసరికి మాత్రం వీళ్ల బ వాళ్లకు ప, వాళ్ల బ వీళ్లకు ప. హెడ్‌మాస్టరు హ్రాయిర్‌ను అయ్యగారూ అనడానికి ఒక గదిలో బారోన్ అంటారు, పక్క గదిలో పారోన్ అంటారు. ఆయన పాపం రెండింటికీ పలుకుతాడు.

అజ్నివ్ పలకదు. అమ్మగారూ అనే అర్థంలో "దిగిన్" అనాల్సిన చోట ఎవరైనా తూర్పు యాసలో "తికిన్" అని పిలిస్తే ఆమెకు ఆ పూటకు చెవుడు వస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఆమె తరగతిలో ఒక సీసా ఉంది. ఒకప్పుడు ఊరగాయ పెట్టిన పెద్ద గాజు సీసా. ప్రతి శనివారం ఒక్కొక్కరూ ఇంట్లో పెద్దవాళ్ల నోటి నుంచి విన్న ఒక మాట చీటీ మీద రాసి, కింద ఆ పెద్దవాళ్ల పేరు రాసి, అందులో వేయాలి. ఆర్మేనియన్ మాటే అయి ఉండాలి. పోయిన నెల తాలీన్ అనే పిల్ల "యావ్రుమ్" అని రాసి తెస్తే, అజ్నివ్ ఆ చీటీ మడిచి తిరిగి పిల్ల చేతిలో పెట్టేసింది.

"ఇది టర్కిష్ మాట తల్లీ. ఇందులో వెయ్యకూడదు."

"మా నానమ్మ నన్ను ఇంకోలా పిలవదు కదా ఒరియోర్ద్."

"అయితే పిలవడం నేర్పించు."

అంత పట్టుదల ఎందుకో ఆమెకు తెలుసు. ఆమె తల్లి ఖాతూన్‌కు టర్కిష్ తప్ప మరో భాష వచ్చేది కాదు. టర్కీలోని అదానా ఊరి వాళ్లు. టర్కీవాళ్లు ఆర్మేనియన్లను తరిమేసినప్పుడు ఇల్లూ పొలమూ పోయాయి; అంతకు ఎన్నో తరాల ముందే అక్కడ వాళ్ల మాట పోయింది. బీరుట్ బళ్లో తోటి పిల్లలు నవ్వుతుంటే తట్టుకోలేక, పదేళ్ల అజ్నివ్ ఒకరోజు తల్లితో అంది: "గేటు దగ్గరికి వస్తే నోరు తెరవకమ్మా." ఆ తర్వాత ఖాతూన్ రోజూ వచ్చేది. పెదాలు బిగించుకుని, అన్నం గిన్నె చేతికిచ్చి, నవ్వి వెళ్లిపోయేది. ముప్ఫై ఒక్క ఏళ్ల చీటీల్లో ఖాతూన్ పేరుతో ఒక్కటీ లేదు. ఆ సంగతి ఇంకెవరికీ పట్టలేదు గానీ అజ్నివ్‌కు పట్టేది.

ఈ ఏడు తరగతిలో నలుగురే పిల్లలు. హ్రాయిర్ తల గోక్కుంటూ వచ్చాడు. చిన్నప్పుడు ఆమె దగ్గరే చదువుకున్నాడు.

"నెలాఖరుకి ఐదుగురు లేకపోతే తూర్పు తరగతిలో కలిపేయమంటోంది కమిటీ. నా చేతుల్లో ఏం లేదు ఒరియోర్ద్."

"నీ చేతుల్లో కాఫీ కప్పు తప్ప ఎప్పుడేం ఉంది గనక?" అంది కానీ, ఆ రాత్రి ఆమె హాజరుపట్టీలో పేర్లు రెండుసార్లు లెక్కపెట్టింది.

మరుసటి శనివారమే ఐదో పిల్ల వచ్చింది. పేరు మానే, తొమ్మిదేళ్లు, ఆర్మేనియాలోని గ్యుమ్రీ నుంచి వచ్చి మూడు నెలలు. తూర్పు తరగతిలో చేరే గడువు దాటిందని తల్లి కరీనే ప్రస్తుతానికి ఇక్కడ కూర్చోబెట్టింది. అజ్నివ్ అందరికీ చెప్పినట్టే చెప్పింది: "వచ్చే వారం పెద్దవాళ్లనడిగి ఒక పార్ తీసుకురా."

అజ్నివ్ నోట పార్ అంటే మాట. మానే ఇంట్లో మాటను బార్ అంటారు. పార్ అంటే నాట్యం.

ఆ పిల్ల వారమంతా ఫోనులో నానమ్మను చూస్తూ నేర్చుకుంది. శనివారం ఎర్ర రుమాలు పట్టుకుని వచ్చింది. చూద్దామని కరీనే కూడా గుమ్మంలో నిలబడింది.

"ఏదమ్మా నీ పార్?"

మానే నడుం మీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసిందో లేదో తాలీన్ పకపకా నవ్వింది. "ఒరియోర్ద్, మాట తెమ్మంటే గంతులు తెచ్చింది." అందరూ నవ్వారు. మానే ఆగిపోయింది.

"నడు మానే," అంది కరీనే, పిల్ల కోటు అందుకుంటూ. "ఇక్కడ మన మాట మాటే కాదంట."

ఆ కోటు తొడిగితే తరగతి పోయినట్టే. అజ్నివ్‌కు అది తెలుసు. కానీ ఆమె కోటు వంక చూడలేదు. ఏడుపు ఆపుకోవడానికి పెదాలు బిగించుకున్న ఆ పిల్లను చూస్తోంది. ఆ బిగించిన పెదాలను ఆమె ఒక గేటు దగ్గర ఏళ్ల తరబడి చూసింది. నొప్పి మోకాలిని నేలకానించి, పిల్ల చెంప తుడిచింది.

"ఏడవకు, కుజుమ్."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు.

"ఒరియోర్ద్, అది టర్కిష్ మాట," అంది తాలీన్.

"అవును."

"నాది వెనక్కిచ్చేశారు."

"ఇచ్చేశాను. తప్పు చేశాను."

"అంటే ఏంటి?" అంది మానే, ముక్కు ఎగబీలుస్తూ.

"నా గొర్రెపిల్లా అని. మా అమ్మ నన్ను అలా పిలిచేది." అజ్నివ్ అందరి వైపూ తిరిగింది. "మానే సరిగ్గానే తెచ్చింది. నేనే ఎవరికి చెబుతున్నానో చూసుకోలేదు. మా అమ్మకి ఆర్మేనియన్లో ఒక్క మాట రాదు పిల్లలూ. నాట్యం మాత్రం వచ్చు. ఈస్టర్ నాడు వంటింట్లో పిండి చేతులతోనే ఆడేది. నేను తలుపేసేదాన్ని, ఎవరైనా చూస్తారని."

లేచి, వరసకట్టి ఆడే తమ నాట్యంలో లాగా చిటికెన వేలు చాచింది. మానే తన వేలు తగిలించింది. దానికి తాలీన్ వేలు, తర్వాత మిగతావాళ్లవి.

"తికిన్ అజ్నివ్, మోకాలు జాగ్రత్త," అంది కరీనే. కోటు కుర్చీ మీద పెట్టేసింది.

"జాగ్రత్తగానే ఉన్నానమ్మా," అంది అజ్నివ్. చెవుడు రాలేదు.

బడి వదిలాక తాలీన్‌ను ఆపి, "నీ చీటీ పారేశావా?" అని అడిగింది. సంచి అడుగు నుంచి నలిగిన చీటీ బయటికొచ్చింది. సీసాలోకి వెళ్లింది. పిల్లలంతా వెళ్లిపోయాక అజ్నివ్ ఇంకో చీటీ తీసుకుంది. ఆర్మేనియన్ అక్షరాల్లోనే "కుజుమ్" అని రాసింది. కింద "ఖాతూన్" అని పేరు పెట్టింది.

చీటీ సీసాలో వేసి, అరవై నాలుగేళ్ల తర్వాత, తల్లి భాషలో మెల్లగా అంది:

"ఇక మాట్లాడమ్మా."