నునుపు చేయని పన్ను

మునీరా పగ పట్టిందంటే మదనపల్లెలో ఎవరూ నమ్మరు. కట్టుడు పళ్ళు తయారుచేసే భీమరావు ల్యాబులో, మూల బల్ల దగ్గర తల వంచుకుని పని చేసుకుపోయే మనిషి. పక్కవాళ్ళు హాస్యాలాడితే నవ్వుతుంది, టీ వస్తే తాగుతుంది, సాయంత్రం కాగానే బస్సెక్కుతుంది. నెమ్మదస్తురాలని అందరూ మెచ్చుకుంటారు. నెమ్మదిగా ఉండేవాళ్ళకు కడుపు మండదని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు మునీరాను ఎరగరు.

ఆమె భర్త తాహిర్ కుప్పంలో వరదరాజులు అనే ఆయన ల్యాబులో పనిచేసేవాడు. కట్టుడు పళ్ళ పింగాణిని అరగదీయడం, లోపలి లోహాన్ని ఇసుక మిషనుతో గరుకు చేయడం అతని పని. పొడి ఎగిరిపోతుందని వరదరాజులు ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు, కిటికీలు కూడా మూయించేవాడు. దుమ్మును లాగేసే గొట్టం పెట్టించమని తాహిర్ అడిగాడు. ఒకసారి కాదు, చాలాసార్లు అడిగాడు. "పంటి దుమ్ము ఏం చేస్తాదప్పా? మనం ఆకులో ఏసుకునే సున్నం మాదిరిదే కదా" అని నవ్వేసేవాడు పెద్దమనిషి. తాహిర్ కనుబొమల నిండా తెల్లటి పొడితో ఇంటికొచ్చేవాడు. మునీరా తడిగుడ్డతో తుడిచేది. తుడుస్తూ తుడుస్తూ అతని దగ్గరే పని నేర్చుకుంది, కొవ్వొత్తి ముక్కల మీద దవడ పళ్ళు చెక్కుతూ.

తర్వాత తాహిర్‌కు దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు, మాత్రలు మింగించారు. మనిషి చిక్కిపోయాడే తప్ప దగ్గు తగ్గలేదు. ఆఖరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఏం పని చేస్తాడమ్మా?" అని అడిగాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని చెప్పాడు. అప్పటికే చేయి దాటిపోయింది.

ఆ సంగతి కుప్పంలో పొక్కగానే వరదరాజులు బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చాడు. తాహిర్ తల్లి ఖైరున్నీసా పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "సెప్పకూడదు గానీ అమ్మా, మీవాడు బీడీలు కాలుస్తాండాడు. ల్యాబు ఎనక సందులో నేనే సూసినా. ఎంత సెప్పినా యినడు" అన్నాడు. తాహిర్ జన్మలో బీడీ ముట్టలేదు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఒట్టేశాడు. ఆమె నమ్మలేదు. కోడలు చెప్పింది, అదీ నమ్మలేదు. ఖరీదైన చొక్కా వేసుకుని బత్తాయిలు తెచ్చిన మనిషి అబద్ధమెందుకు చెబుతాడని ఆమె లెక్క. తాహిర్ పోయాడు. బీడీలు తాగి పోయాడనే పేరు మాత్రం ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఎక్కడ నలుగురు చేరినా ఆ మాటే.

అత్తను కుప్పంలో వదిలి, నేర్చుకున్న పనితోనే బతకడానికి మదనపల్లె చేరిన మునీరాకు మొగుణ్ణి తెచ్చివ్వగలిగేవాడు ఎవడూ లేడు. ఆమెకు కావలసింది ఒక్కటే. అబద్ధమాడిన ఆ నోరే నిజం చెప్పాలి, అదీ ఖైరున్నీసా చెవిన పడేలా చెప్పాలి. అది జరగదని తెలిసీ కోరుకునేది.

అలాంటిది, ఆ నోటి అచ్చే ఒకరోజు నేరుగా ఆమె బల్ల మీదికే వచ్చింది. "మన కుప్పం వరదరాజులు గారిదమ్మా" అన్నాడు భీమరావు. "ల్యాబు అమ్మేసి ఇప్పుడు పుంగనూరులో ఉండాడు. కింది దవడ పన్ను. ఈ పనిలో మనకంటే సీనియరు, జాగర్తగా చెయ్యి."

జాగ్రత్తగానే చేసింది. ఇప్పటి పళ్ళకు లోపల లోహం ఉండదు, జిర్కోనియా అనే పింగాణితోనే మొత్తం పన్ను చేస్తారు. బిళ్ళగా వచ్చినప్పుడు అది సుద్దముక్కంత మెత్తన. మిషను దాన్ని అసలు పన్నుకంటే కాస్త పెద్దదిగా చెక్కుతుంది. కొలిమిలో కాలాక కుంచించుకుపోయి సరైన కొలతకు వస్తుంది, అప్పుడిక ఇనుముకు కూడా లొంగదు. అంత గట్టిదాన్ని నమిలే వైపు అద్దంలా నునుపు చేయాలి. చేయకుండా పైన మెరుగుపూత పూస్తే చూడ్డానికి తేడా ఉండదు. కొన్నాళ్ళకు పూత అరుగుతుంది. కింది గరుకు బయటపడి, తిన్న ప్రతి ముద్దతోనూ పైపన్నును కాస్త కాస్త కొరుక్కు తినేస్తుంది.

మునీరా నునుపు చేయలేదు. పూత పూసి డబ్బాలో పెట్టేసింది. తప్పా అంటే తప్పే, ఆమెకూ తెలుసు. తాహిర్ ఊపిరి ఎలా అరిగిందో వీడి పన్నూ అలాగే అరగాలి, ఎందుకో తెలియకుండానే అరగాలి అనుకుంది. ఆ పూట అన్నం ఎంతో రుచిగా తింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. తల నెరిసిన పనివాణ్ణి పూతతో మోసగించడం అంత తేలికా? పుంగనూరు డాక్టరు పన్నును అతికించేముందు వరదరాజులు దాన్ని చేతిలోకి తీసుకుని గోటితో గీరి చూశాడట. గీరి, ఆ పన్ను పట్టుకుని కారెక్కి, నేరుగా మదనపల్లె వచ్చిపడ్డాడు.

"ఎవరమ్మా ఇది సేసింది?"

"నేనే సార్" అంది మునీరా. మాస్కులో ఉంది గనక అతను పోల్చుకోలేదు.

"పైన మెరుగు పూసి కింద గరుకు వదిలేస్తివే! నా పైపన్ను అరిగి సస్తే నువ్విస్తావా? ఏం భీమరావు, పాలిష్ రానోళ్ళని యాల పెట్టుకుంటివి?"

భీమరావు ముఖం మాడిపోయింది. ఇక అంతే అనుకుంది మునీరా. పగా పోయింది, పనీ పోతుంది. కానీ పెద్దమనిషికి దర్పం ఆగలేదు. "లెయ్యి, నేను సేసి సూపిస్తా. సూసి నేర్చుకో" అంటూ చొక్కా చేతులు పైకి మడిచాడు.

మునీరా లేచి కుర్చీ ఇచ్చింది. అరగదీసే మిషను చేతికిచ్చింది. మాస్కు ఇవ్వలేదు. బల్ల కింద దుమ్ము లాగే గొట్టం స్విచ్చిని కాలితో ఆపేసింది.

మిషను కీచుమంది. తెల్లటి పొడి అతని ముఖం మీదికి లేచింది. వరదరాజులు ఉలిక్కిపడి వెనక్కి జరిగి, జేబులోంచి రుమాలు లాగి ముక్కుకు అదుముకున్నాడు.

"ఏందమ్మా ఇది, గొట్టం ఆపి పెట్టుండావు! ఏయ్, ముందు అది ఎయ్యి! ఈ దుమ్ము లోపలికి పోతే మనిషి బతుకుతాడా?"

మునీరా మాస్కు తీసేసింది.

"తాహిర్ పెళ్ళాన్ని సార్. బతకలేదు."

వరదరాజులు చేతిలో మిషను ఆగింది. భీమరావు వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు. "అప్పట్లో ఇవన్నీ యాడ ఉండె..." అని నసిగాడు.

"రుమాలు తీసి సెప్పు" అంది మునీరా. సార్ అనే మాట ఆమె నోట్లోంచి పోయింది. కుప్పానికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, అతని ముందు ఉంచింది. "మా అత్తకి సెప్పు. బీడీ నువ్వు సూసినావా?"

అతను లేవబోయాడు. భీమరావు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు, పక్కకు జరగలేదు. "సెప్పండి సార్" అన్నాడు.

చెప్పాడు. రుమాలు ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. "నేను వరదరాజుల్ని అమ్మా. మీవాడు బీడీ తాగింది నేను సూడలేదు. ల్యాబు దుమ్ముతోనే... ఆ పొద్దు నేను సెప్పింది అబద్ధం."

మునీరా ఫోను మీదికి వంగింది. ఖైరున్నీసా దుమ్మెత్తిపోస్తుంది, వాణ్ణీ వాడి వంశాన్నీ కడిగేస్తుంది, తను చెవులారా వింటుంది. ఇన్నేళ్ళూ ఎదురుచూసింది ఆ తిట్ల కోసమే.

ఖైరున్నీసా తిట్టలేదు. కోడలితో ఇంట్లో దక్కనీ ఉర్దూలో మాట్లాడే మనిషి, ఆ పెద్దమనిషికి కూడా అర్థం కావాలనేమో, తెలుగులోనే అడిగింది.

"మునీరా, ఆడ ఉండావా?"

"ఉండాను అమ్మీ."

"ఆ చివరి దినం ఊపిరాడక వాడు నీళ్ళు అడిగె. ముందు బీడీ యాడ దాచినావో తియ్యి, అప్పుడిస్తా నీళ్ళు అంటి నేను. వాడికేం అర్థం కాలే బిడ్డకి. ఒట్టి చేతులు రెండూ చాపి నాకు సూపిచ్చె."

"వింటివా?" అంది మునీరా వరదరాజులుతో.