జానెడు బయట నిలిచిన గజం

1955 దసరాకు కొద్ది రోజుల ముందు నన్ను ఆత్మకూరు రేంజికి ఫారెస్టరుగా వేశారు. ఫారెస్టరంటే గార్డుకు పైన, రేంజరుకు కింద; ఇద్దరి తప్పులకూ సంజాయిషీ రాసేవాడు. అడవి అంచు ఊళ్ళలో పంట కాపలాకు లైసెన్సు ఉన్న నాటు తుపాకులను తనిఖీ చేయడం నా పనుల్లో ఒకటి.

ఆ తుపాకులకు మందూ గుండూ మూతిలోంచే పోయాలి. ముందు కొలత మందు, దాని మీద గుడ్డపీలిక, ఆపైన కౌజు పిట్టలకైతే సన్న సీసపు రవ్వలు, అడవిపందికైతే ఒకటే సీసపు గుండు. వీటిని దట్టించే ఇనుప కడ్డీని గజం అంటారు. ఖాళీ గొట్టంలో అది మూతి దాకా దిగుతుంది. మందు ఉంటే నాలుగు వేళ్ళు బయట నిలుస్తుంది. తనిఖీ అంటే గజం దించి చూడటమే.

దసరా మరునాడు మద్దిలేటి అనే రైతు ఇంట్లో నేను ఆ పని చేయలేదు. తుపాకికి కుంకుమబొట్లు, పూలదండ. నా ముందు పళ్ళెంలో నేతి ఓళిగలు. తుపాకి పెళ్ళికూతురిలా ఉంది, ముట్టుకుంటే బాగుండదన్నాను. 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టాను.

నాలుగో రోజు పక్కూరివాడెవడో ఒక పందిని రవ్వలతో కొట్టాడు. రవ్వలు పందిని చంపవు, దానికి కోపం తెప్పిస్తాయి. అది వచ్చి మద్దిలేటి వేరుశనగ చేను గట్టున కంపలో దూరింది. ఇరవై అడుగుల ఇవతల ముగ్గురం: మద్దిలేటి, తుపాకులు బాగుచేసే ఖాసిం సాబు, కబురందుకుని వచ్చిన నేను. ఎక్కడానికి చెట్టు లేదు. చూసుకున్నాను.

మద్దిలేటి ఒక కొలత మందు పోసి, గుండు దట్టించి, మందు అంటించే చిన్న రాగి టోపీ తొడిగాడు. దాని మీద పడే సుత్తిని గుర్రం అంటారు. దాన్ని వెనక్కి లాగి గురి పెట్టాడు.

"మద్దిలేటప్పా, ఆగు!" అన్నాడు ఖాసిం సాబు. "గజం జానెడు బయట నిల్చె. ఒక కొలతకి అంతెట్ల ఉంటాది?"

"రవంత ఎక్కువ పడిందేమోలే. పంది ఎదురుగా ఉండాది, ఈడ లెక్కలేంది సాబూ?"

"ఎక్కువైతే పంది బతుకుతాది, నీ కండ్లు పోతాయి!"

నేనేదో పరిహాసం ఆడబోయాను. 'ఖాళీ' అన్న నా చేతిరాత గుర్తొచ్చింది. కంప కదిలింది. మద్దిలేటి వేలు బిగిసింది. నా బొటనవేలు గుర్రం కింద పెట్టాను. గుర్రం వేలి మీదే పడింది. అప్పుడు నేను అరిచిన మాట శాఖ నియమావళిలో లేదు.

పంది బయటికొచ్చి మమ్మల్ని చూసి, ఇంతకంటే పనులున్నట్టు అడవి వైపు వెళ్ళిపోయింది.

ఖాసిం సాబు గొట్టం విప్పదీశాడు. గుండు, గుడ్డ, మందు. వాటి కింద కుంకుమ అంటిన ఇంకో గుడ్డ, ఇంకో కొలత మందు. అది ఆయుధపూజనాడు సలాముగా పేల్చడానికి పోసిన వట్టి మందు. ఆ రోజు వానకు టోపీ తడిసి పేలలేదు. పూజ చేసిన తుపాకిని విప్పకూడదని మద్దిలేటి గోడకు తగిలించి మరిచిపోయాడు. రెండు కొలతలు కలిసి పేలి ఉంటే ఆ పాత గొట్టం చీలి అతని ముఖం మీదికే వచ్చేది.

"పూజలో పెట్టింది గదా సారూ, ఏం గాదనుకుంటి," అన్నాడు మద్దిలేటి, గట్టు మీద కూలబడి.

"సారు గూడా అట్లనే అనుకున్న్యాడులేప్పా," అన్నాడు ఖాసిం సాబు, నా వేలికి గుడ్డ చుడుతూ. "ఓళిగలు శానా బాగుండెనా సారూ?"

రేంజరుకు సంజాయిషీ రాశాను. తప్పు నాదే కావడంతో తొందరగా తెమిలింది. ఆ గోరు మళ్ళీ సరిగా రాలేదు. రిటైరయ్యే దాకా గజం దించకుండా ఏ తుపాకికీ 'ఖాళీ' అని రాయలేదు. ఓళిగలు తనిఖీ ముగిశాకే తిన్నాను.