కొంచెం అడ్జస్ట్

పొద్దున తిరుత్తణిలో లోకల్ బండి ఎక్కితే కస్తూరమ్మ సీటు కోసం వెతకదు. ముగ్గురు కూర్చున్న బెంచీ ముందు నిలబడి ఒక్క మాట అంటుంది. "అడ్జస్ట్." ఆ ముగ్గురూ మొహాలు చిట్లించుకుని ఒత్తుకుంటారు. అంచున జానెడు చోటు పుడుతుంది. అరక్కోణం దాటేలోగా ఆ జానెడు మూరవుతుంది.

ఆమెకు ఇంగ్లీషు రాదు. తమిళం బోర్డులు కూడబలుక్కుంటుంది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. ఈ ఒక్క మాట మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మొదట అత్త నోట విన్నది. కొత్త కాపురం, ఒకే గది, నడుమ చీరతో కట్టిన తెర, తెరకు ఆ పక్క అత్తా మామా. "కొంచెం అడ్జస్ట్ చేసుకోవల్ల మే" అన్నది అత్త. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఇన్ని నీళ్లు పోసి అడ్జస్ట్. రవిక బిగుతైతే దర్జీ కుట్టు విప్పి అడ్జస్ట్. మొగుడు ఎలుమలై తాగొచ్చి కొడితే, పంచాయితీకి వచ్చిన పెద్దలు కాఫీ తాగి లేస్తూ చెప్పింది అదే. మోకాలు నొక్కి చూసి డాక్టరు చెప్పిందీ అదే. ఎలుమలై చచ్చిపోయిన రోజు పాడెకు వెదురు పొట్టిగా దొరికింది. "కాళ్లు రవంత మడిస్తే అడ్జస్ట్ అయిపోతాది లే" అన్నారెవరో. ఆమెకు నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే ఏడుస్తోందనుకున్నారు.

ఆ మాట ఎప్పుడూ మెత్తగానే వస్తుంది. ఎవరూ దాన్ని అరిచి అనరు. అన్నవాళ్లు ఉన్నచోటే ఉంటారు, విన్నవాళ్లు జరుగుతారు. ఇది ఆమె చాలా ఆలస్యంగా కనిపెట్టింది. కనిపెట్టాక తనే అనడం మొదలుపెట్టింది.

ఆమె పని తిరువళ్ళూరు దగ్గర ఇండస్ట్రియల్ ఎస్టేటులో, ఒక ప్రెస్ షాపులో. రేకు ముక్కను అచ్చులో పెడితే పైనుంచి ఇనుప దిమ్మె దిగి దాన్ని వంచుతుంది. మిషన్‌కు రెండు పచ్చ బటన్లు, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే దిమ్మె దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉంటే అచ్చులో ఉండవు కదా అని మిషన్ చేసినవాడు అనుకున్నాడు. షాపులో వేరే అనుకున్నారు. కుడి బటను సందులో అట్టముక్క మడిచి దూర్చి పైన టేపు చుడితే, అది నొక్కినట్టే ఉండిపోతుంది. ఎడమ చేత్తో నొక్కుతూ కుడి చేత్తో రేకులు పెట్టొచ్చు, తీయొచ్చు. పని పరుగెత్తుతుంది. దీనికీ అక్కడ పేరు అడ్జస్టే. "మిషన్లన్నీ అడ్జస్ట్ అయినాయా?" అని సూపర్‌వైజర్ శరవణన్ పొద్దున్నే అడుగుతాడు. బయటివాళ్లు చూడటానికి వస్తే టేపులు ఊడతాయి. వాళ్లు పోయాక మళ్లీ వస్తాయి.

కస్తూరమ్మకు పది వేళ్లున్నాయి. ఆ మిషన్ల వరుసలో ఆమెంత పాతవాళ్లలో పదీ ఉన్నది ఆమె ఒక్కతెకే. అన్నం కలుపుకునేటప్పుడు వాటిని చూసుకునేది. ఆమెకు కావలసింది ఒక నీలం కోటు. వరుసకు లీడరైతే ఇస్తారు. లీడరు మిషన్ల మధ్య నడుస్తుంది, చూస్తుంది, అరుస్తుంది. అచ్చులో చెయ్యి పెట్టదు. ఈ ఏడు నీకే అన్నాడు శరవణన్.

సోఫియా తిరుత్తణిలో వాళ్ల వీధి పిల్లే. చర్చి పక్క ఇల్లు. బతిమాలితే కస్తూరమ్మే తెచ్చి పనిలో పెట్టించింది. ఆ పిల్ల టేపును చూసి భయపడింది. రోజూ దాన్ని గోటితో పీకేసి రెండు చేతులతో నొక్కేది. ముక్కలు ఆలస్యంగా వచ్చేవి, తర్వాతి మిషన్ ఖాళీగా నిలబడేది. శరవణన్ వచ్చి సోఫియాను ఏమీ అనేవాడు కాదు. కస్తూరమ్మ వైపు చూసి పోయేవాడు.

"ఏమ్మే, రెండు చేతుల్తో చర్చిలో కీబోర్డు వాయిస్తా ఉండావా?" అన్నది కస్తూరమ్మ ఒకరోజు.

"భయంగా ఉండాది అక్కా."

"భయమైతే ఇంట్లో కూచోవల్ల. నేను చేయలే? చూడు, ఎన్ని ఉండాయి?" చేతులు రెండూ చాపి ఆ పిల్ల మొహం ముందు పెట్టింది.

వరుసంతా నవ్వింది. వేళ్లు తక్కువైనవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు.

మర్నాడు కస్తూరమ్మ తనే అట్ట మడిచి దూర్చింది. టేపు గోటికి దొరక్కుండా చుట్టింది. "ఇంక పీకినావంటే గేటు బయటే" అన్నది. సోఫియా పీకలేదు. వారం తిరిగేసరికి చెయ్యి వేగం పట్టింది. శరవణన్ ఆగి చూసి, "సూపర్" అని పోయాడు.

ఒక మధ్యాహ్నం రేకు ఒకటి అచ్చులో వంకరగా పడింది. సోఫియా కుడి చేత్తో దాన్ని సరిచేయబోయింది. ఎడమ చెయ్యి అప్పటికే అలవాటు పడి ఉంది. అది నొక్కింది.

నడిమి మూడు వేళ్లు పోయాయి. రేకు వంచడానికి పట్టినంత సేపే పట్టింది.

ఆస్పత్రి వరండాలో శరవణన్ కస్తూరమ్మకు టీ తెచ్చిచ్చాడు. అన్నేళ్లలో అదే మొదలు.

"అక్కా, ఇన్‌స్పెక్టర్ వస్తాడు. టేపు ఎవరు చుట్టినారని అడుగుతాడు. ఆ పిల్లే చుట్టుకునిందంటే ఎవరికీ తలనొప్పి లేదు. కాదంటే మీ పేరు చెప్పాల్సి వస్తాది. కొంజం అడ్జస్ట్ పణ్ణుంగ."

ఆమె టీ ఊదుకుంటూ తాగింది. "మరి కోటు?"

"వచ్చే వారమే తెప్పిస్తా. సైజేమి?"

లోపల సోఫియా పడుకోలేదు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా, టేపు నువ్వే కట్టినావని చెప్తావు గదా? నేను కట్టుకున్నానంటే కంపెనీవాళ్లు ఏమీ ఇయ్యరంట. పనిలోకీ రానియ్యరంట."

"చూస్తాలే పాపా."

"చూసేది కాదక్కా. చెప్తావా?"

కస్తూరమ్మ దుప్పటి మడత సరిచేసింది. "నీకింకా వయసుండాది. ఎడమ చెయ్యి ఉండాది. కొంచెం అడ్జస్ట్ చేసుకో."

సోఫియా ఆమె చేతుల వైపు చూసింది. "ఎన్ని ఉండాయక్కా?" అన్నది.

కస్తూరమ్మ చేతులు కొంగులో పెట్టుకుని బయటికి వచ్చేసింది.

ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు ఆమె తడబడలేదు. "ఆ పాపే కట్టుకునింది సార్. వద్దని చెప్పినాను. వినలే." వద్దని చెప్పానన్నది శరవణన్ నేర్పిన మాట కాదు. అది ఆమె సొంతం. తర్వాత వరుసలో ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ అదే చెప్పారు.

కోటు వచ్చింది. భుజాల దగ్గర వదులైతే దర్జీకి ఇచ్చి సరిచేయించుకుంది. కొన్నాళ్లు మిషన్లు టేపు లేకుండా నడిచాయి. కొన్నాళ్లే. ఒకరోజు శరవణన్ ఖాళీ ట్రేల వైపు చూసి, "అక్కా, ఇంకా ఎంత కాలం?" అన్నాడు.

ఆ మర్నాడు బండిలో కస్తూరమ్మ పక్కన మోక్షిత అనే కొత్త పిల్ల కూర్చుని ఉంది, మొదటి రోజు పనికి. అరక్కోణంలో జనం తోసుకుంటూ ఎక్కారు. తిరుత్తణిలోనే ఎక్కి తలుపు దగ్గర నిలబడిన సోఫియా ఆ తోపులాటకు లోపలికి వచ్చింది. వచ్చి సరిగ్గా ఆ బెంచీ ముందే నిలబడి, పైన వేలాడే పిడిని కుడి చేత్తో పట్టుకుంది. బొటనవేలు, చిటికెన వేలు.

ఆ చెయ్యి కస్తూరమ్మ కళ్ల ఎదుట బండితోపాటు ఊగింది.

కస్తూరమ్మ జరిగింది. ఎవరూ అడగకుండా ఆమె జరగడం అదే మొదలు. పక్కవాళ్లను మోచేత్తో నెట్టి చోటు చేసి, తట్టి చూపించింది. "రా పాపా."

సోఫియా ఆ చోటు వైపు చూసింది. కూర్చోలేదు. వెనకనుంచి పూలబుట్టామె ఒకతె వచ్చి, "థ్యాంక్స్ మా" అని అందులో కూలబడింది. తిరువళ్ళూరు దాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

దిగి నడుస్తుంటే మోక్షిత అడిగింది. "ఆ అక్క చేతికి ఏమైందక్కా?"

"చెప్పిన మాట వినలే" అన్నది కస్తూరమ్మ.

షాపులో నీలం కోటు తొడుక్కుని ఆమె అట్టపెట్టె అంచు చించింది. రెండుగా మడిచి, మళ్లీ మడిచి, కుడి బటను సందులో దూర్చింది. టేపు పళ్లతో తెంపి గట్టిగా చుట్టింది. మిషన్ ఆన్ చేసింది.

"కుడి చెయ్యి యాడ పెట్టవల్లక్కా?" అన్నది మోక్షిత.

కస్తూరమ్మ అచ్చులోకి వేలు పెట్టి చూపించబోయింది. ఆగింది. ఒక అడుగు వెనక్కి వేసి, దూరంనుంచే చూపించింది.