కుదురు ఏ వైపు

రాజమండ్రి బస్సులో పక్క సీటు ఆవిడ నా భుజం మీద రాలిన వెంట్రుకను తీసింది. పారేయకుండా వేళ్ళ మధ్య పెట్టుకుంది. యూనివర్సిటీలో వెంట్రుకల మీద సెమినార్ ఇవ్వడానికి వెళుతున్న నాకు ముందుగా తట్టింది చేతబడే.

"ఏంటండీ అది? ఇలా ఇచ్చేయండి," అన్నాను కటువుగా.

ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో రుద్దింది. వెంట్రుక తనంతట తనే ఒకవైపు పాకింది.

"ఇటు పాకిందంటే ఇదే కుదురండి. సవరాలు కడతానండి నేను. కుదుళ్ళన్నీ ఒకవైపు పెట్టకపోతే చిక్కు పడిపోద్దండి," అంటూ నా అరచేతిలో పెట్టింది.

నా స్లైడ్ల నిండా వెంట్రుకను అలా ఒకేవైపు పాకించే పొలుసుల ఫొటోలే. వేళ్ళతో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

సెమినార్ హాల్లో నా వంతు కోసం కూర్చుని దాన్నే రుద్దుతుంటే, పక్కాయన నన్ను ఎగాదిగా చూసి కుర్చీ దూరం జరుపుకున్నాడు.