ఆయమ్మ పూడ్చిన బోరు

పోయిన వారం ఉరవకొండలో అంగన్‌వాడీ టీచర్లకు పిల్లల భద్రత మీద ఒకరోజు శిక్షణ పెట్టి, ఎప్పుడో రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను కూడా పిలిచారు. తిరగని ఫ్యాన్లు, ప్లాస్టిక్ కుర్చీలు, మిక్చరు పొట్లం, టీ. మా అమ్మాయి కంటే చిన్నదైన ఆఫీసరమ్మ మైకు పట్టుకుని, "ఈ మేడమ్ గారి సర్వీసు మొత్తంలో వాళ్ల సెంటర్లో ఒక్క ప్రమాదం కూడా జరగలేదు, మీరంతా వీరిని చూసి నేర్చుకోవాలి" అని నాకు శాలువా కప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ సిగ్గు లేకుండా చేతులు జోడించాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మొదలైంది కోపం. ముందు ఆ పిల్ల మీద వచ్చింది, పాపం ఆమెకేం తెలుసు. తర్వాత మా ఊరి మీద వచ్చింది. ఇల్లు చేరేసరికి నా మీదికే వచ్చి కూర్చుంది, ఇంకా దిగలేదు. ప్రమాదం జరగలేదన్నది నిజమే. జరగకుండా చూసింది మాత్రం నేను కాదు, మా ఆయా.

మా సెంటరు ఊరి చివర ఒకే ఒక్క గది. ఆ గది మా బావది, అంటే మా ఆయనకు అన్న. ఇరవై మందికి పైగా పిల్లలు, ఒక మూల పొయ్యి, ఒక మూల పలకలు, మధ్యలో చాప. ఆయాను పిల్లలు ఆయమ్మ అనేవాళ్లు, ఊరంతా కూడా అదే పేరుతో పిలిచేది. ఎండుకట్టె లాంటి మనిషి, గొంతు మాత్రం పక్క ఊరికి వినపడేది. పొద్దున్నే పొయ్యి చుట్టూ ముగ్గుపిండితో ఒక గీత గీసేది. ఆ గీత దాటితే వీపు విమానం మోత మోగుతుందని పిల్లలకు తెలుసు. ఒకసారి పప్పు రుచి చూద్దామని సూపర్‌వైజరమ్మ గీత దాటబోతే, "ఏమమ్మా, నీకు వేరేగా చెప్పల్నా?" అని ఆమెనూ ఆపింది. ఇంకొక అలవాటు, తలలు తాకి లెక్కపెట్టడం. బయటికి తీసుకుపోయే ముందు, తెచ్చిన తర్వాత, అన్నాలకు ముందు, నిద్ర లేపాక, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి పేరు పలికేది. ఎవరూ కదలకపోయినా లెక్కపెట్టేది. నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి విసుగూ వచ్చేది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతమందే ఉంటారు గదా అనేదాన్ని. "ఉండబట్టే గదా టీచరమ్మా లెక్కబెట్టేది" అనేది.

మా ఊళ్లో వాన కంటే బోరు లారీలే ఎక్కువసార్లు వచ్చేవి. మా బావ మూడు బోర్లు వేసి మూడింట్లోనూ దుమ్మే చూశాడు. నాలుగోదానికి ఎక్కడి నుంచో ఒకాయన్ను పిలిపించాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో నడిస్తే, నీళ్లున్న చోట కాయ నిలువుగా లేస్తుందట. అది లేవక లేవక మా సెంటరు వెనక పది అడుగుల దూరంలో లేచింది. పిల్లలు తిరిగే చోటని కాయకు తెలియదు సరే, మా బావకైనా తెలియాలి గదా! ఒక పగలూ ఒక రాత్రీ లారీ గర్జించింది, పలకల మీద, పాలగిన్నెల మీద బూడిదరంగు రాతిపొడి పేరుకుంది, నీళ్లు మాత్రం పడలేదు. ఇంకో చోట వేసే బోరుకు పనికొస్తుందని మా బావ మట్టి జారకుండా బోరు నోట్లో దించిన కేసింగు పైపు పీకించి తీసుకుపోయాడు. పైపు తీశాక పైమట్టి జారి ఆ బొక్క నోరు బకెట్టంత అయింది. దాని మీద ఒక గోనెసంచి, సంచి మీద సర్కారు తుమ్మ కంప, అంతే కాపలా.

పూడ్చమంటే పూడ్చడు. ఇది మా బావ ఒక్కడి జబ్బు కాదు, మా సీమ మొత్తానికీ ఉన్నదే. ఎండిన బోరును ఎవరూ చచ్చిందని ఒప్పుకోరు. మంచి వాన పడితే ఊట తిరిగి వస్తుందని, మూస్తే గంగమ్మ అలిగి పోతుందని దాన్ని అట్లే నోరు తెరిపించి పెట్టుకుంటారు. ఆశ ఉండటం తప్పని నేను అనను. ఆ ఆశను మూడేళ్ల పిల్లలు ఆడుకునే చోట తెరిచిపెట్టుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయమ్మ ఒక బండ తెచ్చి మూస్తే మా బావ దాన్ని పక్కకు దొర్లించేవాడు. నేను ఆఫీసుకు అర్జీ రాశాను. స్థలం ప్రభుత్వానిది కాదు, మేమేం చేయలేమని జవాబు వచ్చింది. బావతో ముఖాముఖి మాట్లాడే ధైర్యం నాకు లేదు. ఒకే వాకిలి, ఒకే వంటిల్లు.

ఆ రోజు గుడ్లు ఉడుకుతున్నాయి. పిల్లలను బయటికి తీసుకుపోయి తెచ్చి, ఆయమ్మ తలలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువ. మళ్లీ లెక్కపెట్టింది. పరుపులు కుట్టే మస్తాను బిడ్డ లేదు. వెనక్కి పరిగెత్తాం. మేకలు కంపను ఈడ్చేశాయి, గోనెసంచి సగం లోపలికి జారి ఉంది, బొక్క పక్కన చిన్న చెప్పు ఒకటి పడి ఉంది. నేను ఆ చెప్పు చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయమ్మ మాత్రం బోర్లా పడుకుని, ఆ బొక్కలో తల పెట్టి, పాప పేరు పెట్టి అరిచింది. అట్లా ఎంతసేపు అరిచిందో నాకు తెలియదు. ఊరంతా వచ్చేసింది. పాప తల్లి కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. అప్పుడు వీధి మలుపులో నుంచి వాళ్ల అవ్వ, పాపను చంకనేసుకుని తాపీగా వచ్చింది. పాప రెండు చేతులకూ కొత్త గాజులు. గాజులామె వచ్చిందని, సెంటరు వెనక కనిపించిన మనవరాలిని చెప్పకుండానే ఎత్తుకుపోయిందట. చెప్పుల్లో ఒకటి జారిపోవడం చూసుకోలేదు. "నా మనవరాల్ని నేను తీస్కపోతే ఒకరికి చెప్పల్నా?" అని మా మీదే గయ్యిమంది.

అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వారు. మా బావ తలగుడ్డ దులుపుకుని, "ఏం కాలే గదా! ఊరికే రచ్చ జేసినారు, పోండప్పా పనులకు" అన్నాడు. ఆ మాట నేను ఈ జన్మలో మరిచిపోను. ఆయమ్మ లేచింది. జుట్టు నిండా మట్టి.

"ఏం కాలేదా అన్నా? ఆ బొక్కలో తలబెట్టి పిలిస్తే నా గొంతే నాకు తిరిగొచ్చింది. ఇంగ ఏం కావల్లనో చెప్పు!"

ఆయమ్మ తట్ట అందుకుంది. మొదటి తట్ట రాళ్లు వేస్తే చాలాసేపటికి గానీ చప్పుడు వినపడలేదు. పాప తల్లి రెండో తట్ట వేసింది. తర్వాత పిల్లల తల్లులంతా కదిలారు, కొందరు కూలి మానుకుని వచ్చారు. "నీళ్ల నోట్లో మన్ను గొడ్తాండావే! నీ ఉద్యోగం ఎట్ల ఉంటాదో చూస్తా!" అని బావ అరుస్తూనే ఉన్నాడు. తట్ట తట్టకూ చప్పుడు పైకి వచ్చింది. పొద్దు గూకేసరికి ఆయమ్మ ఆ మట్టి మీద నిలబడి కాళ్లతో తొక్కుతోంది. నేను గడపలో నిలబడి చూశాను. ఒక్క తట్ట కూడా ఎత్తలేదు.

వారం తిరగకముందే సూపర్‌వైజరమ్మ ఒక కాగితంతో వచ్చింది. ఆయా డ్యూటీ వదిలేసి, జనాన్ని రెచ్చగొట్టి, పరుల స్థలంలో నష్టం చేసిందని రాసి ఉంది. కింద నా సంతకం కావాలంది. మా ఆయన నేల చూపులు చూశాడు. బావ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేను పెట్టాను. భయంతో పెట్టాను, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. ఆయమ్మ పక్కనే నిలబడి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. "సంతకం బాగుండాది టీచరమ్మా, గుండ్రంగా. పిల్లోళ్లకూ అట్లే నేర్పీ" అంది. వెళ్లిపోయే ముందు చాప దగ్గరికి పోయి, అందరి తలలూ ఒకసారి తాకి లెక్కపెట్టింది.

ఆ తర్వాత ఆమె కూలి పనులకే పోయింది. ఉద్యోగం తిరిగి రాలేదు, తిరిగి ఇవ్వమని నేనూ ఎవరినీ అడగలేదు. రెండేళ్ల కిందట చనిపోయింది. నేను పోయేసరికి ఎత్తేశారు. ఆ చాప మీద కూర్చున్న పిల్లలు ఇప్పుడు గడ్డాలు పెంచుకుని ఆటోలు నడుపుతున్నారు, కొందరు అనంతపురంలో ఉద్యోగాలు చేస్తున్నారు, ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. ఆయమ్మ ముఖం ఎట్లుండేదని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. నిన్న సాయంత్రం నా సర్వీసు వివరాలు కావాలని, ఒక ఫారం నింపి పంపమని ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. అందులో ప్రమాదాలు అని ఒక గడి, ఎప్పుడు జరిగాయి అని ఇంకో గడి ఉన్నాయి. జరిగి ఉంటే ఆ తేదీ ఊరంతా ఏటా తలచుకునేది. ఆయమ్మ జరగనివ్వలేదు కాబట్టి, ఆ రోజు ఏదో ఇవాళ నాకే గుర్తు లేదు.